అరుగుదలకు చోటు

కొర్నీలియస్ వ్రూమన్ ఆ తుపాకీని తోలు ఏప్రన్‌లో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు రెండు చేతులా పొదివి పట్టుకుని దుకాణంలోకి వచ్చాడు. అప్పటికి ఎరాస్టస్ పెల్ కిటికీ దగ్గర కూర్చుని ఒక గొట్టంలోంచి ఆకాశాన్ని చూస్తున్నాడు. గొట్టం తిన్నగా ఉందో లేదో అలా చూస్తేనే తెలుస్తుంది. లోపలి నీడ గీత ఎక్కడా విరగకుండా చివరిదాకా సాగాలి. అతనికి ఉన్నది ఎడమ కన్ను ఒక్కటే. కుడి కన్ను ఉండాల్సిన చోట నల్లటి గుడ్డ.

ఈరీ కాలువ ఒడ్డున హార్లో బేసిన్‌లో వాళ్లిద్దరిదీ ఒకటే దుకాణం. కొర్నీలియస్ చెల్లెలు థర్జాని ఎరాస్టస్ పెళ్లాడిన ఏడే తలుపు మీద ఇద్దరి పేర్లూ కలిపి రాయించారు. గొట్టాల పని ఎరాస్టస్‌ది. సుత్తులు, స్ప్రింగులు, ట్రిగ్గర్లు, పేల్చే సరంజామా అంతా కొర్నీలియస్‌ది. రెండు గొట్టాల తుపాకీ కావాలంటే చుట్టుపక్కల బాతుల వేటగాళ్లంతా అక్కడికే వచ్చేవాళ్లు. అది ఒకప్పటి మాట.

కొర్నీలియస్ ఏప్రన్ విప్పాడు. వాల్‌నట్ కర్ర, ఇనుప నడుము, దాని మీద ఒక మీట. గొట్టాలు ఉండాల్సిన చోట రెండు గుండ్రటి కర్రలు బిగించి ఉన్నాయి. మామూలుగా తుపాకీ మీద చెవుల్లా నిక్కి ఉండే సుత్తులు రెండూ లేవు.

"ఇదేంటి బావా, చెవులు కోసేసిన గాడిదని తోలుకొచ్చావ్?" అన్నాడు ఎరాస్టస్.

"చెవులు లోపలున్నాయి బావా. గొట్టాలు వంచి తెరిస్తే చాలు, అవే నిక్కుతాయి. నువ్వు బొటనవేలు అరగదీసుకోనక్కర్లేదు."

"వంచి తెరిచేదయితే నాకు చూపించకు."

"అందుకే చూపిస్తున్నా."

ఎరాస్టస్ మళ్లీ తన గొట్టం అందుకుని కిటికీ వైపు తిరిగాడు.

అతని పంతానికి కారణం ఊరందరికీ తెలుసు. వాళ్ల నాన్నల కాలంలో తుపాకీని ముందు నుంచే నింపేవాళ్లు. మందు పోసి, అట్ట బిళ్ల దూర్చి, సీసపు రవ్వలు పోసి, మళ్లీ బిళ్ల వేసి దట్టించాలి. వెనక నిప్పు రాజేసే రాగి టోపీ తొడగాలి. రెండు గొట్టాలకీ రెండుసార్లు. చలికి వేళ్లు కొంకర్లు పోయి, పడవ ఊగుతూ ఉంటే, ఒక గొట్టంలోనే రెండుసార్లు మందు పోసుకుని చచ్చినవాళ్లున్నారు. తర్వాత సముద్రం అవతల నుంచి నడుము దగ్గర విరిచే తుపాకీ వచ్చింది. వంచు, రెండు తూటాలు పెట్టు, మూసెయ్. అంతే. దాన్ని చూసి ఇక్కడి తుపాకీ కమ్మరులకు నిద్ర పట్టలేదు. మూసిన గొట్టాలను పట్టి ఉంచే మీటను ఒకడు కింద పెట్టాడు, ఒకడు పక్కన పెట్టాడు, ఒకడు నెత్తిన పెట్టాడు. ఇంకొకడు గొట్టాలను ముందుకు జరిపేలా చేశాడు. ఆ రోజుల్లో కాలువ పొడుగునా ఊరికొకడు కొత్త గడియ కనిపెట్టానని చెప్పుకు తిరిగేవాడు.

అన్నిటికీ ఒకటే రోగం. కొన్నేళ్లు పేలిస్తే కీలు అరిగేది. గొట్టాల మొదలుకీ వెనక ఇనుప గోడకీ మధ్య వెంట్రుకంత సందు పడేది. ఆ సందులోంచి నిప్పు వెనక్కి తన్నేది. అంతర్యుద్ధం ముగిసిన కొత్తలో ఎవరో పొరుగూరి రైతు అలాంటి వదులు తుపాకీ బాగు చేయమని తెచ్చాడు. పెరట్లో పేల్చి చూద్దామని ఎరాస్టస్ భుజానికి ఆనించాడు. తర్వాత అతను కుడి కంటితో చూసింది ఏమీ లేదు.

అప్పట్నుంచీ అతను ముందు నుంచి నింపే తుపాకీలే చేస్తున్నాడు. వాటిని అడిగేవాళ్లు ఏటికేడాది తగ్గిపోతున్నారు.

"ఒక్క మాట విను," అన్నాడు కొర్నీలియస్. అని, దగ్గు తెర వచ్చి బల్ల పట్టుకుని నిలబడ్డాడు. ఆ దగ్గు ఈ మధ్య అతన్ని సగానికి సగం తినేసింది. తగ్గాక మూతి తుడుచుకుని మొదలుపెట్టాడు. "అరగని ఇనుము చేద్దామని అందరూ చస్తున్నారు. నేనూ చాలా ఏళ్లు చచ్చాను. ఇనుము అరగక మానదు బావా. అరగనీ. ఇదిగో, ఈ గడియ చూడు."

ఎరాస్టస్ తల తిప్పలేదు.

"తిన్నగా లేదు, ఏటవాలుగా ఉంది. తలుపు ఊగకుండా కింద చెక్కముక్క పెడతామే, అలా అన్నమాట. ఎంత తోస్తే అంత బిగుస్తుంది. కొత్తలో సగం దూరమే లోపలికి వెళ్తుంది. గాడి అరిగిన కొద్దీ ఇంకాస్త, ఇంకాస్త. సందు పడేలోపే అది పూడుస్తూ పోతుంది. నీ మనవడు ముసలాడయ్యేదాకా."

"నాకు మనవడు లేడు."

"వాడు లేకపోవడం నా గడియ తప్పు కాదు."

ఎరాస్టస్‌కి నవ్వొచ్చింది కాని ఆపుకున్నాడు. "గొట్టాలు ఊళ్లు తిరిగి కొనుక్కో. చాలామంది అమ్ముతున్నారు."

"కొనుక్కుంటే ఇది సగం అనాథ అవుతుంది బావా. నాకు ఇంకొకటి చేసే ఓపిక లేదు."

ఆ మాట దగ్గరే థర్జా వెనక గదిలోంచి వచ్చింది. ముందు గదిలో మందూ రవ్వలూ అమ్మేది ఆమే. మొక్కజొన్న చేలో కాకుల్ని కొట్టడంలో ఆ వీధిలో ఆమెకి సాటి లేరు. చేతిలో గరిటె ఉంది, ముఖాన పిండి ఉంది.

"పెల్ గారూ, మీకు భయమా, అసూయా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి. అట్లు చల్లారిపోతున్నాయి."

ఎరాస్టస్ గొట్టం కింద పెట్టాడు. "రెండూ," అన్నాడు.

"అయితే ఆ గొట్టాలు భోజనం చేశాక చేద్దురుగాని," అందామె.

ముగ్గురూ గోధుమరంగు అట్ల మీద మేపుల్ పాకం పోసుకుని, ఉప్పు పంది మాంసంతో తిన్నారు. తినడం అయ్యేలోపు ఎరాస్టస్ గొట్టాల వరకు ఒప్పుకున్నాడు. "అతుకుతాను, బిగిస్తాను. పేల్చేటప్పుడు మాత్రం నన్ను పిలవొద్దు," అన్నాడు.

బెల్జియం నుంచి గడ్డి పెట్టెలో వచ్చిన మోటు గొట్టాలు అటక మీద ఎన్నాళ్లుగానో ఉన్నాయి. వాటిని ఇనుప కడ్డీలూ ఉక్కు కడ్డీలూ కలిపి మెలితిప్పి, ఆ మెలికల్ని పట్టీలా సాగదీసి, కడ్డీ చుట్టూ చుట్టి, కొట్టి అతికి చేస్తారు. పైకి చూస్తే బొగ్గు పొయ్యిలోంచి తీసిన పాత పైపుల్లా ఉంటాయి. ఎరాస్టస్ వాటిని బయట సన్నబెట్టాడు, లోపల నున్నగా తొలిచాడు. తర్వాత పక్కపక్కన పెట్టి తీగతో కట్టాడు. రెండూ సమాంతరంగా సాగితే దేని దారి దానిదే అవుతుంది. కొస దగ్గర రెండూ కొంచెం ఒకదాని వైపొకటి ఒరగాలి, అప్పుడే రెండు దెబ్బలూ ఒకే బాతు మీద పడతాయి. ఆ ఒరుగుడు అతను వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడు. వేసవి అంతా దానికే పోయింది.

చివరికి రంగు తేలడానికి గొట్టాలకు తుప్పు పట్టించే రోజు వచ్చింది. ద్రావకం పూసి, తుప్పు పట్టనిచ్చి, వేడినీళ్లలో ముంచి, తీగల బ్రష్షుతో రుద్దాలి. మళ్లీ పూయాలి. ఎరాస్టస్ జీవితమంతా చేసిన పని అది. అయినా, మెత్తటి ఇనుము నల్లబడి, ఉక్కు తెల్లగా నిలిచి, బూడిదరంగు మొద్దు గొట్టం మీద సుడులు సుడులుగా, ఈకల మీద ఈకలు పరిచినట్టు ఆ అల్లిక పైకి తేలుతుంటే అతను బ్రష్షు పక్కన పెట్టి చూశాడు. ఎక్కడో సముద్రానికి అవతల ముఖం తెలియని మనుషులు నిప్పుల ముందు మెలితిప్పిన ప్రతి మెలికా అక్కడ కనిపిస్తోంది. అంతా ఇన్నాళ్లూ ఆ ఇనుములోనే ఉంది. పైకి తెలియలేదు, అంతే.

థర్జా వచ్చి పక్కన నిలబడింది. తడి వేలితో ఒక సుడి చుట్టూ మెల్లగా తిప్పి వెళ్లిపోయింది.

గొట్టాలను నడుములో బిగించడం మిగిలింది. కొర్నీలియస్‌కి అప్పటికి బల్ల దగ్గర ఎక్కువసేపు నిలబడే శక్తి లేదు. కుర్చీలో కూర్చుని చెబుతుంటే ఎరాస్టస్ చేశాడు. గొట్టాల మొదలుకి దీపం మసి పట్టించి మూస్తారు. తెరిచి చూస్తే వెనక గోడ మీద ఎక్కడ మసి అంటుకుందో అక్కడే ఇనుము ఇనుముని తాకినట్టు. మొదటిసారి ఒక మూల చుక్క పడింది. ఆకురాయితో రెండు గీతలు గీశాడు, మళ్లీ మూశాడు. చుక్క కొంచెం పెరిగింది. అలా వారమంతా గడిచాక ఒక మధ్యాహ్నం తెరిచి చూస్తే, గోడ మీద రెండు నిండు చందమామల్లా, ఎక్కడా చిల్లు లేకుండా, మసి అచ్చుపడి ఉంది.

ఎరాస్టస్ మసి తుడిచి తుపాకీ మూశాడు. బరువైన పెట్టె మూత పరుపు మీద వాలినట్టు మెత్తగా వినిపించింది. మీట తనంతట తనే మధ్యకు రాబోయి, మధ్యకు కొంచెం కుడిగా ఆగింది. తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు.

"అరగదీస్తున్నావు బావా," అన్నాడు కొర్నీలియస్ కుర్చీలోంచి. "పర్లేదు, కానీ. దానికి చోటు పెట్టాను."

"మీట మధ్యలో ఆగలేదేం?"

"గడియ లోపలికి దిగిన కొద్దీ అదీ జరుగుతుంది. మధ్యకి రావడానికి దానికింకా చాలా ఏళ్లు పడుతుంది."

ఎరాస్టస్ ఆ సందు దగ్గర బొటనవేలి గోరు పెట్టి చూశాడు. గోరుకి ఏదీ తగల్లేదు. రెండు ఇనుప ముక్కలు కలిసిన చోటు ఎక్కడుందో వేలికి దొరకలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర అతను ఎవరితోనూ మాట్లాడలేదు. కోపం అనుకుంది థర్జా. కాదని తెలియడానికి ఆమెకి ఎంతోసేపు పట్టలేదు, ఎందుకంటే అతను ఉప్పు అనుకుని పాకం గిన్నెలో చెయ్యి పెట్టాడు.

అక్టోబరులో లాకు అవతల మైదానంలో గాజు బంతుల పోటీ పెట్టారు. పావురాలకు బదులు ఈకలు కూరిన గాజు బంతుల్ని స్ప్రింగు యంత్రంతో గాల్లోకి విసురుతారు. తగిలితే గాజు పగిలి ఈకలు ఎగురుతాయి. పోటీ అయ్యాక జనం ఇంకా కదలకముందే కొర్నీలియస్ తన కుర్చీ మధ్యలో వేయించుకుని కూర్చున్నాడు. ఎరాస్టస్ పిలవకుండానే వచ్చాడు. వెనకగా నిలబడ్డాడు.

కాలువ లాకు కాపలాదారు ఫినియాస్ గ్రో నోటికి ఊళ్లో అందరూ జడుస్తారు. "వ్రూమన్, కొత్త తుపాకీ ఏదయినా కొత్తలో బాగానే ఉంటుంది," అన్నాడు. "పెళ్లి లాగా. పదేళ్లయ్యాక చూపించు."

"పదేం ఖర్మ, ఇరవై చూపిస్తా," అన్నాడు కొర్నీలియస్. జేబులోంచి ఆకురాయి తీసి వెనక్కి చాచాడు. "బావా, ఇలా రా."

గొట్టాల మొదలు నుంచి వెనక్కి పొడుచుకొచ్చిన ఇనుప నాలుక ఒకటి ఉంది. దాని గాడిలోకే గడియ దిగుతుంది. ఆ గాడిని గీసెయ్యమన్నాడు కొర్నీలియస్.

ఎరాస్టస్ చెయ్యి రాలేదు. "వారం పట్టింది నాకు ఇంత బిగుతుగా కూర్చడానికి."

"తెలుసు. ఇరవయ్యేళ్ల బాతుల వేట ఇప్పుడు నీ చేతిలో ఉంది. గియ్."

"పాడైపోతే?"

"అయితే నా ముందే అవ్వనీ. నేను పోయాక అయితే నాకు తెలియదుగా."

ఎరాస్టస్ గీశాడు. మెరిసే రజను అతని మోకాలి మీద రాలింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వులు ఆపేశారు. చేసిన పనిని చేసినవాడే చెడగొడుతుంటే ఆ చప్పుడు వాళ్లకే పళ్లు జివ్వుమనిపించింది. ఇక చాలనిపించాక గొట్టాలు బిగించి మూశాడు. కొర్నీలియస్ మీటను వేలితో పట్టి, ఇదివరకు ఆగిన చోటే ఆపాడు.

"ఫినియాస్, సూర్యుడికి ఎదురుగా పట్టుకుని చూడు. ఏం కనిపిస్తోంది?"

ఫినియాస్ వంగి చూశాడు. గొట్టాలకీ గోడకీ మధ్య సన్నటి వెలుగు గీత. "అస్తమానం చూసేదే. అరిగిపోయిన తుపాకీ," అన్నాడు.

"అలాగే చూస్తూ ఉండు."

కొర్నీలియస్ వేలు తీశాడు. మీట గోరంత ఎడమకు జరిగింది. వెలుగు గీత ఆరిపోయింది.

ఫినియాస్ అలాగే వంగి ఉండిపోయాడు. తర్వాత టోపీ తీశాడు. ఎందుకు తీశాడో అతనికీ తెలిసినట్టు లేదు. "మళ్లీ చెయ్," అన్నాడు. కొర్నీలియస్ మళ్లీ చేశాడు. అప్పుడు రైతులూ, పడవలవాళ్లూ వరసగా వచ్చి, ఒక్కొక్కరే వంగి ఆ గీత ఆరిపోవడం చూశారు. చర్చిలో పలకరించుకున్నట్టు గొంతు తగ్గించి మాట్లాడారు.

రెండింతల మందు పెట్టిన తూటాలు వేసి, తుపాకీని బండి చక్రానికి కట్టి, దూరం నుంచి తాడు లాగి పేల్చారు. చక్రం ఊగింది. వెళ్లి చూస్తే పొగ మసి వెనక గోడ మీద చుక్కంత కూడా లేదు. సిగరెట్ కాగితం దూర్చబోయారు, దూరలేదు. రెండోసారీ అంతే.

"చక్రానికి కళ్లు లేవు," అన్నాడు ఫినియాస్, ఈసారి ఎగతాళి లేకుండా. "మనిషి పేల్చాలి."

కొర్నీలియస్ లేవబోయాడు. థర్జా అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, తుపాకీ తనే అందుకుంది. తలకు కట్టుకున్న బానెట్ టోపీ వెనక్కి తోసి, రెండు తూటాలు పెట్టి మూసింది. యంత్రం టంగుమంది. నీలం రంగు బంతి ఒకటి ఎండలోకి లేచింది. ఆమె కొట్టింది. ఇంకోటి లేచింది. అదీ కొట్టింది. పగిలిన గాజు గడ్డిలో రాలింది, ఈకలు మెల్లగా దిగాయి.

ఆమె తుపాకీ తెరిచి, పొగలు కక్కుతున్న తూటాలు లాగేసి, నేరుగా మొగుడి దగ్గరికి నడిచింది. "కాస్త ముందు బరువుగా ఉంది," అంది. "మీ గొట్టాలే. చూడండి."

చూడమంటే ఏమిటో అతనికి తెలుసు. కుడి భుజం మీద పెట్టి పేల్చడానికి ఆ వైపు కన్ను లేదు. ఎడమ భుజానికి ఆనించాలి. మిగిలిన ఆ ఒక్క కంటినీ గొట్టాలు కలిసే చోటికి జానెడు దూరంలో పెట్టాలి. అతను తుపాకీ అందుకున్నాడు కాని భుజానికి ఎత్తలేదు.

"వద్దులే బావా," అన్నాడు కొర్నీలియస్ మెల్లగా. "నువ్వు చూడాల్సిందంతా చూశావు."

"లేదు," అన్నాడు ఎరాస్టస్.

తూటాలు పెట్టాడు. మూశాడు. చెంప కర్రకి ఆనించాడు. తను నూరి, రుద్ది, తుప్పు పట్టించి పైకి తెచ్చిన సుడులు అతని కంటి ముందు రెండు ఏర్లలా సాగి చివర కలిశాయి. "ఆ," అన్నాడు. బంతి లేచింది. మొదటిదానికి గురి తప్పింది. జనం కదల్లేదు. రెండో బంతి లేచింది. అతను కొట్టాడు.

తుపాకీ దించాక కూడా అతను ఏదో కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు. ముఖానికి గాలి కూడా తగల్లేదు. మందు వాసన ఎక్కడో ముందుకు కొట్టుకుపోయింది. తెరిచి, ఖాళీ తూటాలు తీసేసి, గొట్టాలను ఆకాశం వైపు ఎత్తి లోపలికి చూశాడు. వెలుగు ఉంగరాలు, ఒక ఉంగరంలో ఇంకొకటి, చివర నాణెమంత నీలాకాశం. తన చేతుల్లోంచి వెళ్లిన గొట్టాలన్నిటినీ అతను అలాగే చూశాడు. అయినా ఇప్పుడు చూస్తుంటే, ఇన్నేళ్లూ ఈ పనిని తను బయట నుంచే చూస్తూ వచ్చాడేమో అనిపించింది. కంట్లోంచి నీళ్లు జారాయి. గుడ్డ కట్టిన వైపు నుంచి కూడా జారాయి.

"ఏడుస్తున్నావా బావా?" అన్నాడు కొర్నీలియస్.

"పొగ."

"పొగ వెనక్కి రాలేదని ఇందాకే తేలింది."

మంచు పడే వేళకి కొర్నీలియస్ మంచం దిగడం మానేశాడు. ఒక ఉదయం ఎరాస్టస్ యాపిల్ కూరిన తీపి రొట్టె ముక్క తీసుకుని చూడబోతే, అతను దుప్పటి మీద రెండు వేళ్లు ఆడిస్తూ పైకప్పు వంక చూస్తున్నాడు.

"రెండు ట్రిగ్గర్లు ఎందుకు బావా?" అన్నాడు.

"రెండు గొట్టాలున్నాయి కాబట్టి."

"ఉంటే? వేలు ఒకటే కదా. ఒకే ట్రిగ్గరు పెడదాం. ఒకసారి లాగితే కుడిది, ఇంకోసారి లాగితే ఎడమది."

"కుదరదు. మొదటిది వెనక్కి తన్నినప్పుడు వేలు తనకి తెలియకుండానే రెండోసారి లాగుతుంది. రెండూ ఒకేసారి పేలి భుజం ఊడుతుంది."

"ఊఁ," అన్నాడు కొర్నీలియస్ ఎంతో ఇష్టంగా. "ఊడుతుంది. అదే కదా అందం."

ఎరాస్టస్ ఆ రొట్టె ముక్క చేత్తోనే పట్టుకుని అతన్ని చూస్తూ ఉండిపోయాడు. మనిషిలో మాంసం లేదు. పక్కటెముకలు దుప్పటిలోంచి లెక్కపెట్టవచ్చు. ఆ కళ్లు మాత్రం అప్పుడే కొలిమి రాజేసినట్టున్నాయి. పొద్దెక్కేదాకా ఇద్దరూ వాదించుకున్నారు. దిండు మీద వేలితో స్ప్రింగులు గీసుకున్నారు. ఆ వారంలోనే కొర్నీలియస్ పోయాడు. నేల గడ్డకట్టి ఉండడంతో గుంట తవ్వడానికి నిప్పులు పోసి కరిగించాల్సి వచ్చింది.

ఎరాస్టస్ ఆ తర్వాత ముందు నుంచి నింపే తుపాకీ ఒక్కటి కూడా చేయలేదు. ఏటవాలు గడియ తుపాకీలు ఇతర ఊళ్లలోనూ వచ్చాయి, వేరేవాళ్లూ వాళ్ల వాళ్ల పద్ధతిలో అదే దారి పట్టారు. ఎవరు ముందని ఎవరైనా అడిగితే, "అందరి ఇనుమూ అరుగుతుందిగా," అనేవాడు ఎరాస్టస్, అంతకుమించి తగువు పెట్టుకునేవాడు కాదు.

ఒక్క ట్రిగ్గరు సంగతి మాత్రం అతన్ని వదల్లేదు. ఏళ్లు గడిచాక ఒక చలికాలం మధ్యాహ్నం, భోజనానికి పిలిచి పిలిచి విసిగిన థర్జా దుకాణంలోకి వస్తే, అతను బల్ల మీద విరిగిన స్ప్రింగులు పరుచుకుని కూర్చున్నాడు.

"ఎక్కడ ఆగింది?" అందామె.

"ఎప్పుడూ ఆగేచోటే. రెండోది దానంతటదే పేలుతోంది. వేలు ఆగట్లేదు."

ఆమె బల్ల మీదికి వంగి, ఒక చిన్న మెలిక ముక్క తీసి వెలుగులో తిప్పింది. "వేలు ఆగదు. దానికి చెప్పి లాభం లేదు. ఆ తన్ను అయ్యేదాకా ఇదే ఆగాలి," అంది. "దీనికి కాస్త ఆలస్యంగా లేవడం నేర్పండి."

ఎరాస్టస్ ఆకురాయి కింద పెట్టాడు. పిండి అంటిన ఆ చేతిని, ఆ చేతిలోని ముక్కని, ఆమె ముఖాన్ని, ఇవేవీ ఇదివరకు చూడనివాడిలా చూశాడు.

"ఎలా?" అన్నాడు.

"నాకేం తెలుసు. జరగండి, చూద్దాం," అని థర్జా ముక్కాలి పీట లాక్కుని అతని పక్కన కూర్చుంది.